ఉస్మానియా దవాఖానా పాత భవనం పరిరక్షణపై తీర్మానం

హైదరాబాద్‌లో జరిగిన మా చరిత్ర పరిరక్షణ సంఘం సర్వసభ్య సమావేశం అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా దవాఖానా పాత భవనం గురించి చర్చించి ఈ కింది విధంగా తీర్మానించింది.

1908 సెప్టెంబరు మూసీ వరద ఇక్కడి పాత ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ నది ఒడ్డునే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఈ భవనం లేచింది. అవతలి గట్టున ఉన్న హైకోర్టు భవనంలోనూ ఎష్ చేయి ఉంది. 2015లో దవాఖానా భవనాన్ని కూల్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు గట్టిగా అడ్డుపడ్డారు. 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్లు రావడంతో రోగులను తరలించి భవనాన్ని మూసేశారు.

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరగడాన్ని సభ మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నది. రోగికి మంచి వార్డు కావాలి, అందులో వాదమే లేదు. అయితే కొత్తది కట్టడానికి పాతదాన్ని పడగొట్టనక్కర్లేదని ఆ శంకుస్థాపనే తేల్చింది.

పాత భవనం డంగుసున్నంతో కట్టినది. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని గోడ పెచ్చులూడుతుంది. గుమ్మటాల పగుళ్లలో మొలిచే రావి మొక్కను పైకి కోసేస్తే చాలదు. వేరు లోపలే లావెక్కి ఇటుకలను విడదీస్తుంది. కాబట్టి మరమ్మతులన్నీ సున్నంతోనే, ఆ పని తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలని, వచ్చే వానాకాలానికి ముందే పైకప్పు నీటి గొట్టాలను, ఆవరణలోని మురుగు కాలువలను బాగుచేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని సభ కోరుతున్నది.

మరమ్మతుల తర్వాత ఒక భాగంలో వైద్య చరిత్ర ప్రదర్శనశాల నెలకొల్పాలి. 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్‌లో జరిగిన క్లోరోఫామ్ పరిశోధనలకు అందులో చోటుండాలి. మిగతా భాగంలో ఓపీ సేవలు నడపాలి. దవాఖానాగా పుట్టిన చోట పేదవాడికి వైద్యం ఆగకూడదని సభ్యులందరి అభిప్రాయం.

సంఘం తన వంతుగా ప్రతి వానాకాలం ముందూ తర్వాతా భవనం స్థితిని ఫొటోలతో నమోదు చేస్తుంది. ఇక్కడ పనిచేసిన వైద్యులు, నర్సులు, వార్డుబాయ్‌ల జ్ఞాపకాలను రికార్డు చేస్తుంది.

ఈ తీర్మానం ప్రతులను ముఖ్యమంత్రికి, వైద్య ఆరోగ్య, వారసత్వ శాఖలకు పంపాలని కార్యదర్శిని ఆదేశిస్తూ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.