ఆదివాసీల్లో వికలాంగులు తక్కువంట!

2011 జనాభా లెక్కలు ఒక వింత చెప్పాయి. దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే 2.21 శాతం. ఎస్సీల్లో 2.45 శాతం. మన ఎస్టీల్లో 2.05 శాతమే! ఆస్పత్రి దూరం, తిండి తక్కువ, పనేమో రాళ్ల క్వారీల్లో, ఇటుక బట్టీల్లో. అయినా అందరికన్నా మనమే గట్టిగా ఉన్నామంట.

నేను నమ్మను. మనలో వైకల్యంతో పుట్టిన బిడ్డలు లెక్కకు అందేదాకా బతకకపోయి ఉండాలి, లేదా బతికున్నోళ్లను రాసుకోకపోయి ఉండాలి. మొదటిది ఇంకా పెద్ద నేరం, దాని గురించి విడిగా రాయాలి. రెండోది మాత్రం ఇప్పుడే మాట్లాడుకోవాలి. 2027 ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలు, ఈసారి కులం కూడా రాస్తారు.

గండి దగ్గర పాపాఘ్ని ఒడ్డు నుంచి జమ్మలమడుగు కాడ పెన్న దాకా తిరిగి చూడండి. యానాదులు, ఎరుకలోళ్లు ఊరి చివర, సుగాలీలు తండాల్లో. కడప జిల్లాలో ఎస్టీలు వందకు ముగ్గురు కూడా లేరు, ఐదో షెడ్యూల్ ప్రాంతమూ కాదు. మనల్ని పట్టించుకునేదెవరు? సర్వే ఆయన ట్యాబ్ పట్టుకొని వస్తాడు, బండి కూడా దిగడు. "మీ ఇంట్లో వికలాంగులు ఎవరన్నా ఉన్నారా?" "లేరు సార్." అంతే, పక్కింటికి పోతాడు.

చెప్పినోళ్లు అబద్ధమాడలేదు. అవ్వకు చూపు ఆనదు, అది ముసలితనం అనుకుంటారు. పిల్లోనికి సరిగా వినపడదు, మొద్దని బడి మాన్పించినారు. క్వారీలో కాలు నలిగిన నాయన ఇంకా కూలికి పోతానే ఉండాడు, ఆయన వికలాంగుడెట్లయితాడు? ఇంక మతి సరిగా లేని అక్క సంగతి బయటపడితే చెల్లెలి పెండ్లి ఆగిపోతుందని భయం. వీధిలో పది మంది ముందర అడిగితే ఏ తల్లి చెప్తుంది?

అడిగే తీరు మారాలి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2001లో మొదలైన వాషింగ్టన్ గ్రూపు ఆరు ప్రశ్నలు తయారు చేసింది. వాటిలో వికలాంగులు అనే మాటే లేదు. కళ్లద్దాలున్నా చూసేది కష్టమా? వినేది? నడిచేది, మెట్లెక్కేది? గుర్తుపెట్టుకునేది? స్నానం చేసి బట్టలేసుకునేది? మాట ఎదుటోళ్లకు అర్థమయ్యేలా చెప్పేది? జవాబులు నాలుగు: కష్టం లేదు, కొంచెం కష్టం, చానా కష్టం, అసలు చేతకాదు. ఇట్లా అడిగితే అవ్వా వస్తుంది, పిల్లోడూ వస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో మనుషుల్లో 16 శాతం మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. మన 2.21తో పోల్చుకోండి. (మానసిక జబ్బులు ఈ ఆరింటికీ సరిగా దొరకవు. వాటిని ఇంటి లోపల, విడిగా, తెలిసిన మనిషి అడగాలి.)

"సదరం లిస్టు ఉంది కదా" అంటారు ఆఫీసుల్లో. సదరంలో ఉండేది క్యాంపు దాకా పోగలిగినోళ్లు. బస్సు చార్జీకి, పోయిన కూలికి దిక్కు లేనోళ్లు దాంట్లో ఎట్లుంటారు? యానాదుల్లో ఎన్నో కుటుంబాలకు ఆధార్ కార్డే లేదు! 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆదివాసీలను ఎక్కువగా పట్టే సికిల్ సెల్ అందులో ఉంది. 2011 లెక్కల్లో ఉన్నవి ఎనిమిది గడులే, సికిల్ సెల్‌కు గడి లేదు.

ఇంకో భయం ఉంది. 2025లో వికలాంగుల పింఛన్లు మళ్లీ తనిఖీ చేసి నోటీసులిచ్చినాక, సర్వే అంటే కోతే అనుకుంటున్నారు జనం. ఆరు వేల మీద బతికే ఇల్లు అట్లనే అనుకుంటుంది, తప్పు వాళ్లది కాదు. కానీ జనాభా లెక్కల్లో చెప్పింది 1948 చట్టం ప్రకారం రహస్యం, పింఛను ఆఫీసుకు పోకూడదు. ఈ మాట తండా తండాలో చెప్పాల్సింది మనమే. రాష్ట్రం చేసే సర్వేలకూ అదే హామీ రాతపూర్వకంగా ఇవ్వాలని అడుగుదాం. లెక్కలు వచ్చినాక యానాదులవి, ఎరుకలవి, సుగాలీలవి విడివిడిగా బయటపెట్టమందాం. అందరినీ ఎస్టీ అనే ఒక్క మూటలో కట్టేస్తే ఎవరి గోడూ తెలీదు.

ఫిబ్రవరి అంటే బట్టీల కాలం. తండాల్లో సగం ఇండ్లకు తాళాలుంటాయి. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మనుషులు ఏ బట్టీ కాడ గుడిసెల్లో ఉంటారో జనవరిలోనే రాసిపెట్టుకోండి. ఆ లిస్టు తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.