ముసలితనం రోగం పేరు కాదు

కాగజ్‌నగర్ చుట్టుపక్కల మన వాడల ముసలామె దవాఖానలో చనిపోతే ఎందుకని అడిగేవాడు లేడు. "ముసల్ది, పోయింది" అంటారు. కాయితం మీద "గుండె ఆగి మరణం" అని రాస్తారు. గుండె ఆగకుండ ఎవరు చస్తరు? ఎందుకు ఆగిందో గదా రాయాల్సింది!

మా వాడ పెద్దమ్మ ఒకామె జారిపడి తుంటి విరిగి దవాఖానలో చేరింది. మూత్రానికి పైపు వేశారు. నాలుగోనాడు కొడుకును గుర్తుపట్టలేదు. పగలంతా మత్తు, రాత్రంతా కలవరింత. ఒళ్లు కాలలేదు, చల్లగా ఉంది. కొడుకు పోయి చెప్తే "ముసలోళ్లకు గట్లనే ఉంటది పో" అన్నారు. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పడానికి జంకాడు. తెల్లారేసరికి ఆమె లేదు. సెప్సిస్ అని తర్వాత పెద్ద డాక్టరే అన్నాడట.

పుండులోనో, ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో చేరిన క్రిమి మీద ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి, సొంత మూత్రపిండాలనూ గుండెనూ దెబ్బతీయడమే సెప్సిస్. 2017లో ప్రపంచం మొత్తం మీద దీంతో సుమారు 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా. ముసలివాళ్లలో ఇది దొంగలా వస్తుంది. జ్వరం రాకపోవచ్చు. ముందు సోయి తప్పుతుంది. తిండి మానేస్తారు, మూత్రం తగ్గుతుంది. నిమిషానికి 22 సార్లు, అంతకన్నా ఎక్కువ దమ్ము తీస్తున్నా, బీపీ పై అంకె 100కు దిగినా అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లు, పైపు వేసినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, పడకపుండ్లు పడ్డవాళ్లు మరీ భద్రం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, కానీ వెంటనే డాక్టరు వచ్చి చూడాలి. బీపీ పడిపోయిన సెప్సిస్‌కు గంటలోపల మందు పడాలని డాక్టర్ల నియమాలే చెబుతున్నాయి.

ఇంకో మాట. ఒళ్లు నీలంగా మారుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మన నల్లటి ఒంటి మీద అది కనబడదు. పెదవులు, నాలుక, అరచేతులు చూడాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ నల్లవాళ్లకు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని 2020లో అమెరికాలో తేల్చారు. (మిషన్‌కు కూడా మన నలుపు పట్టదు!)

దమ్ము లెక్కపెట్టాలంటే నిమిషంసేపు పక్కన నిలబడాలి. చెయ్యి పట్టుకోవాలి. మనోళ్ల మంచం పక్కన ఆ నిమిషం ఎవరు నిలబడుతున్నరు? తప్పంతా నర్సులదే అనం. ఒక్క నర్సు మీద వార్డంతా మోపితే ఆమె మాత్రం ఏం చేస్తది? ఖాళీలు నింపని సర్కారును అడగాలి.

ఇంగ్లండులో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల పిల్ల సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు మొత్తుకున్నా దవాఖానవాళ్లు వినలేదు. ఆ తల్లిదండ్రులు కొట్లాడితే 2024 నుంచి అక్కడి దవాఖానల్లో 'మార్తా రూల్' వచ్చింది: ఇంటివాళ్లు కోరితే వేరే బృందం వచ్చి మళ్లీ చూడాలి. తెల్లవాళ్లకే కొట్లాడితే గానీ రాలేదు. కాగజ్‌నగర్‌లోనూ, మంచిర్యాలలోనూ మనకు ఊరికే వస్తదా?

తల్లి నిన్న ఎట్లున్నదో, ఇయ్యాల ఎట్లున్నదో డాక్టరుకన్నా ముందు బిడ్డకే తెలుస్తుంది. ఆ మాట కేసుషీటు మీద ఎక్కాలి. కార్యకర్తలు దవాఖానకు తోడుపోయినప్పుడు మంచం దగ్గర కూర్చుంటే సరిపోదు. మూడోసారి, నాలుగోసారి కూడా పోయి అడగాలె: "సారూ, మా అవ్వ నిన్న గిట్ల లేదు. సెప్సిస్ కావచ్చునా? చూసి, టైము వేసి రాయుండ్రి."