తక్కువ మార్కులతో పోడియాట్రీ సీటు: కళాశాలల సంఘానికి బహిరంగ లేఖ

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్ వారికి,

అమెరికాలో పాదం, చీలమండ వైద్యాన్ని (పోడియాట్రీని) ప్రత్యేకంగా నేర్పే కళాశాలలు 11 ఉన్నాయి. నాలుగేళ్లు చదివితే డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్) పట్టా వస్తుంది. ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ పూర్తిచేస్తే ఎముక కోసి సరిచేసే శస్త్రచికిత్స దాకా చేయగల వైద్యులవుతారు. ఈ కళాశాలలకు దరఖాస్తులు ప్రధానంగా సంఘం నడిపే కేంద్రీయ వ్యవస్థ ద్వారా వెళ్తాయి. కనీసార్హత 90 సెమిస్టర్ గంటల కాలేజీ చదువు. అందులో జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా ఉండాలి, ఇంగ్లీషు కూడా ఉండాలి. చేరేవారిలో ఎక్కువమంది డిగ్రీ పూర్తిచేసినవారే. ప్రవేశ పరీక్ష ఎంక్యాట్. కొన్ని కళాశాలలు దాని బదులు డెంటల్ ప్రవేశ పరీక్షనో జీఆర్‌ఈనో ఒప్పుకుంటాయి.

ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. పరీక్ష రాసినవారిలో సుమారు సగం మంది 500కు అటు, సగం మంది ఇటు. ఎండీ కళాశాలల్లో సీటు దక్కించుకున్నవారి సగటు 511 దాటింది, వారి జీపీఏ, అంటే కాలేజీ గ్రేడ్ల సగటు, 3.7కు పైనే. పోడియాట్రీలో చేరేవారి సగటు స్కోరు 490ల మధ్యలో, జీపీఏ 3.3 పరిసరాల్లో ఉంటుంది. సగటు అంతే కాబట్టి దానికి దిగువన కూడా కొందరు చేరుతున్నారన్నమాట. జీపీఏ 2.8 ఉన్నవారికి, స్కోరు 490కి కాస్త తక్కువ వచ్చినవారికి కూడా ఇంటర్వ్యూ పిలుపు రావడం ఈ రంగంలో అసాధారణం కాదు. అటువంటి దరఖాస్తుదారు ఏం తెలుసుకోవాలి, అతనికి ఆ సంగతులు తెలియజెప్పే బాధ్యత ఎవరిది అన్నదే ఈ లేఖ విషయం.

తలుపు ఇంత వెడల్పుగా తెరుచుకోవడానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. న్యూయార్క్, షికాగో, ఒహాయో, కాలిఫోర్నియా కళాశాలలు 1910ల నాటివి, ఒక్కొక్కటీ నూరేళ్లు దాటినవి.  వాటికి తోడు టెక్సస్‌లోని హార్లింజన్‌లో 2022లో, పెన్సిల్వేనియాలోని ఈరీలో 2023లో కొత్త కళాశాలల తరగతులు మొదలయ్యాయి. సీట్లు పెరిగినంతగా దరఖాస్తులు పెరగలేదు. ఫీజు మీదే బతికే చోట ఖాళీ సీటు నష్టమే కనుక ఎంపిక సడలుతుంది. దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే పరిశీలిస్తారు కాబట్టి తరగతులు మొదలయ్యే ముందు వారాల్లో కూడా సీట్లు ఇస్తుంటారు. ఇందులో తప్పు లేదు. పందొమ్మిదేళ్ల వయసులో ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ తెచ్చుకున్న మనిషి ఇరవై ఆరేళ్లకు మంచి వైద్యుడు కాలేడని ఎవరూ చెప్పలేరు. అతనికి రెండో అవకాశం ఇచ్చే వైద్యవిద్య ఒకటి ఉండడం సమాజానికి మేలే. అయితే అవకాశం ఇచ్చినవారు దాని ఖరీదెంతో కూడా చెప్పాలి.

తక్కువ మార్కులన్నీ ఒక్క రకం కావు. మొదటి ఏడాది ఇల్లు వదిలి వచ్చి తడబడి, ఆ తర్వాత ఏటికేడాది మెరుగైన విద్యార్థి జీపీఏ 2.9 కావచ్చు. నాలుగేళ్లూ ఒకే తీరున బీ మైనస్, సీ ప్లస్‌లతో గడిపినవారి జీపీఏ కూడా 2.9 కావచ్చు. ఫీజు కోసం వారానికి ముప్పై గంటలు ఉద్యోగం చేస్తూ చదివినవారిదీ అంతే కావచ్చు. ఎంక్యాట్ స్కోరులోనూ ఇలాంటి తేడాలే దాగి ఉంటాయి. పరీక్షలో నాలుగు విభాగాలుంటాయి, ఒక్కోదానికి 118 నుంచి 132 దాకా వేస్తారు. జీవశాస్త్రంలో 126, రసాయన భౌతికశాస్త్రాల్లో 123, మనస్తత్వ సామాజిక శాస్త్రాల్లో 123, పఠన విశ్లేషణలో 121 వస్తే మొత్తం 493. అదే వరసలో 120, 121, 125, 127 వచ్చినా 493. మొదటి విద్యార్థికి ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పునాది ఉంది, వేగంగా చదివి అర్థం చేసుకోవడం అలవడాలి. రెండో విద్యార్థికి చదివే శక్తి ఉంది, శాస్త్రపు పునాదే లేదు. పోడియాట్రీలో మొదటి రెండేళ్లు ఈ ఇద్దరికీ ఒకేలా గడవవు. మొత్తం స్కోరు ఒక్కటే చూసి ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం.

మార్కుల నష్టాన్ని పూడ్చుకోవడం ఎంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. 120 క్రెడిట్ల డిగ్రీని 2.7 జీపీఏతో ముగించినవారు దాన్ని 3.0కు చేర్చాలంటే మరో 36 క్రెడిట్లు చదివి, అన్నిటిలోనూ ఏ తెచ్చుకోవాలి. అంటే ఏడాదికి పైగా పట్టే చదువు. సగటు విద్యార్థి స్థాయి అయిన 3.3కు చేరాలంటే సుమారు 103 క్రెడిట్లు కావాలి, అది దాదాపు ఇంకో డిగ్రీ. ఈ లెక్క తెలియని విద్యార్థులు ఒకటి రెండు సబ్జెక్టులు మళ్లీ చదివితే జీపీఏ నిలబడుతుందని ఆశపడతారు. పాత మార్కు ట్రాన్‌స్క్రిప్టులో ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. డీఓ వైద్య పట్టా ఇచ్చే ఆస్టియోపతిక్ కళాశాలల దరఖాస్తు వ్యవస్థ మళ్లీ చదివిన సబ్జెక్టుకు చివరి మార్కునే లెక్కలోకి తీసుకునేది, 2017లో అదీ ఆ వెసులుబాటు ఎత్తేసింది. కాబట్టి సగటును పెంచుకోవడానికి తంటాలు పడడం కన్నా, ఇటీవలి ముప్పై నలభై క్రెడిట్ల పై స్థాయి సైన్సు కోర్సుల్లో గట్టి మార్కులు చూపించడమే పనికొచ్చే దారి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటివి ఎంచుకుంటే రెండు ప్రయోజనాలు. ఎంపిక కమిటీకి ఇప్పటి సామర్థ్యం తెలుస్తుంది. విద్యార్థికి తాను ఆ చదువు మోయగలడో లేడో లక్ష డాలర్ల అప్పు చేయకముందే తేలిపోతుంది. రెండోదే ముఖ్యం.

ఎంక్యాట్ ఒక ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మాత్రమే రాయగలరు. తయారీ లేకుండా వెంటవెంటనే రాస్తే స్కోరు పెరగదు, ప్రయత్నాలు మాత్రం తరిగిపోతాయి. సంఘం తరఫున సలహా ఇచ్చేవారు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పినా చాలామందికి ఉపకారం జరుగుతుంది.

సీటు వచ్చాక మొదలయ్యే చదువు తేలికగా ఉండదు. కొన్ని కళాశాలల్లో పోడియాట్రీ విద్యార్థులు ఆస్టియోపతిక్ వైద్య విద్యార్థులతో కలిసి ఒకే తరగతిలో కూర్చుని అవే పాఠాలు వింటారు, అవే పరీక్షలు రాస్తారు. 3.3తో వచ్చినవారూ 2.8తో వచ్చినవారూ అక్కడ ఒకే వేగాన్ని అందుకోవాలి. రెండేళ్లు ముగిశాక జాతీయ బోర్డు పరీక్ష మొదటి భాగం ఉంటుంది. అనాటమీ, బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీతో పాటు కాలి అనాటమీకి అందులో పెద్ద పీట. ఈ పరీక్ష తప్పితే క్లినికల్ శిక్షణ వాయిదా పడవచ్చు, రెసిడెన్సీకి దరఖాస్తు చేసేటప్పుడు ఆ వైఫల్యం వెంట ఉంటుంది. రెసిడెన్సీ లేకుండా చాలా రాష్ట్రాల్లో లైసెన్సు రాదు. 2013 ప్రాంతంలో పట్టా చేతికొచ్చినా రెసిడెన్సీ దొరకని విద్యార్థులు ఉన్నారు. అప్పటి కొరత తర్వాత తీరింది. కానీ ఆ ఏళ్లలో దెబ్బతిన్నవారి అనుభవం గుర్తుంచుకోదగ్గది. కొరత వచ్చినప్పుడు మొదట మిగిలిపోయేది తరగతిలో అట్టడుగున ఉన్నవారే.

మధ్యలో ఆగిపోయినవారి పరిస్థితి అందరికన్నా దయనీయం. ఏడాది చదివి వదిలేసినా ఆ ఏడాది ఫీజు, బతుకు ఖర్చు అప్పుగా మిగులుతాయి. ఆ మార్కులు తర్వాతి ఏ వైద్య కళాశాల దరఖాస్తులోనైనా చూపించక తప్పదు. విద్యారుణం అమెరికాలో దివాలా తీసినా సాధారణంగా మాఫీ కాదు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి, పై చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు ఉండవు. పోడియాట్రీ సహా వృత్తివిద్యల విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లకు పరిమితం. ఫీజు, అద్దె, భోజనం కలిపితే చాలాచోట్ల ఖర్చు ఈ పరిమితి దాటుతుంది. మిగతాది ఎక్కువ వడ్డీకి ప్రైవేటు బ్యాంకుల దగ్గర తెచ్చుకోవాలి. ఏడాది చదువు మళ్లీ చదవాల్సి వస్తే ఆ ఐదో ఏడాదికి ఫెడరల్ రుణం మిగలకపోవచ్చు. తక్కువ మార్కులతో చేరేవారే ఏడాది వెనకబడే అవకాశం ఎక్కువ ఉన్నవారు, కాబట్టి ఈ చట్టం భారం వారి మీదే ఎక్కువ పడుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. పిల్లలను డాక్టర్లను చేయాలన్న పట్టుదల ఆ ఇళ్లలో బలమైనది, ఎంక్యాట్‌లో 490లు వచ్చిన బిడ్డకు పోడియాట్రీ సీటు వస్తే ఆ ఇంట్లో ఊరట సహజం. హెచ్‌-4 వీసా మీద పెరిగిన పిల్లలకు ఫెడరల్ రుణాలు అసలే అందవు, 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు. వారి చదువంతా తల్లిదండ్రుల పొదుపు మీదో, ఎవరో ఒకరు హామీ ఉండే ప్రైవేటు అప్పు మీదో నడవాలి. పోడియాట్రీ ఎండీకి వెనక దారి కాదన్న సంగతి కూడా ఆ కుటుంబాలకు ముందే తెలియాలి. డీపీఎం చదివినవారు పాదం, చీలమండ వైద్యులుగానే ఉంటారు. భారతదేశంలో ఇలాంటి ప్రత్యేక వైద్య పట్టా వ్యవస్థ లేదు, అక్కడ పాదాల పుండ్లను సర్జన్లు, ఎముకల డాక్టర్లు, మధుమేహ వైద్యులు చూస్తారు. కనుక తిరిగి వెళ్లి ప్రాక్టీసు పెట్టుకుందామనే ఆలోచనకు ఈ పట్టా ఆధారం కాదు.

ఇష్టపడి వచ్చేవారికి మాత్రం ఇది గొప్ప వృత్తి. అమెరికాలో 3.8 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. దక్షిణాసియా వారికి బరువు అంతగా పెరగకుండానే ఆ జబ్బు వస్తుంది. ఏళ్ల తరబడి చక్కెర అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ పోతుంది. బూటులో గులకరాయి గుచ్చుకున్నా, ఎండలో కాలిన గుడి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నడిచినా ఆ పాదానికి తెలియదు. చిన్న బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా పోతుంది, చివరికి కాలు తీసేయాల్సి వస్తుంది. ఆ పుండును మొదటి వారంలోనే చూసి, చచ్చిన కండ తీసి, పాదం మీద బరువు పడకుండా కట్టుకట్టి కాలు నిలబెట్టేది పోడియాట్రిస్టు. ఈ పని దగ్గరుండి చూసినవారు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఎండీ సీటు రాలేదు కాబట్టి వచ్చానన్న ధోరణి కమిటీలు ఇట్టే పసిగడతాయి. అందుకే మార్కులు తక్కువున్న దరఖాస్తుదారుకు క్లినిక్‌లో గడిపిన గంటలు, ఒక పోడియాట్రిస్టు రాసిచ్చే సిఫారసు ఉత్తరం ఇతరులకన్నా ఎక్కువ అవసరం.

ఈ నేపథ్యంలో సంఘం చేయవలసిన పని ఒకటుంది, అది చేసే సాధనాలన్నీ సంఘం చేతిలోనే ఉన్నాయి. చేరినవారి సగటు మార్కులు, బోర్డు పరీక్షల ఉత్తీర్ణత, రెసిడెన్సీ నియామకాల శాతాలు ఇప్పటికే కళాశాలల వారీగా ప్రకటిస్తున్నారు. కానీ ప్రవేశ మార్కులనూ ఆ తర్వాతి ఫలితాలనూ కలిపి చూపే లెక్క దరఖాస్తుదారుకు అందడం లేదు. ఒక కళాశాలలో బోర్డు పరీక్ష 90 శాతం మంది గట్టెక్కారని తెలిస్తే 2.8తో చేరబోయేవారికి ఒరిగేది తక్కువ. పరీక్ష దాకా చేరకుండానే ఆగిపోయినవారు ఆ శాతంలో ఉండరు. 3.0కు దిగువ జీపీఏతో, 490కి దిగువ స్కోరుతో చేరినవారిలో ఎంతమంది రెండో ఏడాదికి వెళ్లారు, ఎంతమంది మొదటి ప్రయత్నంలో బోర్డు దాటారు, ఎంతమంది నాలుగేళ్లలో పట్టా పుచ్చుకున్నారు, ఎంతమందికి ఐదేళ్లు పట్టింది, ఎంతమంది పట్టా లేకుండా వెళ్లిపోయారు: ఈ అంకెలు శ్రేణుల వారీగా కావాలి. దరఖాస్తులు ఎక్కువగా సంఘం వ్యవస్థలోనే నమోదవుతాయి, రెసిడెన్సీ దరఖాస్తులూ సంఘం వ్యవస్థ ద్వారానే సాగుతాయి. మధ్యలోని నాలుగేళ్ల సమాచారం కళాశాలలు ఇస్తే చాలు. ఒక్కో కళాశాలలో ఇలాంటి విద్యార్థులు కొద్దిమందే ఉంటే వారి గోప్యత కోసం 11 కళాశాలలకూ కలిపి, మూడేళ్లకోసారి ప్రచురించవచ్చు.

దానితో పాటు కళాశాలలు తక్కువ మార్కులవారికి సీటిచ్చేటప్పుడే ఐదేళ్ల చదువు ప్రణాళిక ఉందో లేదో, ఉంటే దాని పూర్తి ఖర్చెంతో లిఖితపూర్వకంగా తెలపాలి. మొదటి సెమిస్టర్ తొలి వారాల్లోనే వెనకబడినవారిని గుర్తించి, ఫీజులో ఎక్కువ భాగం తిరిగి ఇచ్చే గడువు దాటకముందే వారితో మాట్లాడాలి. జులై, ఆగస్టుల్లో ఆఖరి నిమిషంలో సీటిచ్చినవారికి ఆ సీటును మరుసటి ఏడాదికి వాయిదా వేసుకునే హక్కు ఉండాలి. ఆ ఏడాదిలో వారు బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ చదువుకుని సిద్ధపడి వస్తారు. 2026 జులై నుంచి కొత్త రుణ నిబంధనలు వర్తిస్తాయి కనుక, ఆ తర్వాత చేరే ప్రతి తరగతి దరఖాస్తులు తెరిచే నాటికి ఈ అంకెలు దరఖాస్తు పత్రం పక్కనే, రుణ పరిమితుల వివరాలతో కలిపి అందుబాటులో ఉండాలి.