సరుగుడు కొమ్మకి పాపం అంటగట్టకండి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజం వాళ్ళం కూర్చున్నాం. ఈ ఏడాది చర్చికి పదడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు కొనాలన్నది ప్రస్తావన. "ఎందుకక్కా ఏటేటా పచ్చని చెట్టు నరకడం? పాపం కదా. ప్లాస్టిక్‌దైతే పర్యావరణానికీ మంచిది" అంది ఒక చెల్లెమ్మ. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది గానీ పదిమందిలో మాట పెగలదు. ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే మాత్రం ఒకదాని వెనక ఒకటి తన్నుకొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

మాది బాపట్ల వైపు. సముద్రప్పక్క ఊళ్ళలో మాకు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. ఈ ఆచారం పుట్టిన జర్మనీలో ఫర్, స్ప్రూస్ చెట్లు తెచ్చుకుంటారు. మన ఇసుక నేలల్లో అవెక్కడివి? చూడ్డానికి కాస్త అలాగే ఉంటుందని మన పెద్దవాళ్ళు సరుగుడు పట్టుకొచ్చారు, తడి ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టారు, దూది మంచయింది. చిన్నప్పుడు మేం ఆ సన్నటి పుల్లని కణుపు దగ్గర విరిచి మళ్ళీ అతికించి "ఎక్కడ విరిచానో చెప్పుకో" అని ఆడుకునేవాళ్ళం. ఆకులనుకుంటాం గానీ అవి రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టూ కంటికి ఆననంత పొలుసులుగా ఉంటాయి.

సరే, నరకడం సంగతి. మేం తెచ్చుకునే సరుగుడు అడవిలోది కాదు, రైతు వేసిన తోటలోది. నారు తెచ్చి నాటి, నాలుగైదేళ్ళు పెంచి కొట్టిస్తాడు. మాను కాగితం మిల్లుకో, సెంట్రింగు కర్రలకో పోతుంది. మనకొచ్చేది చివర కొట్టేసిన తల, పక్క కొమ్మ. అవి మనం తీసుకోకపోతే ఏ పొయ్యిలోకో పోతాయి. పైగా ఆ చెట్టు వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకీ నేలకీ ఇస్తాయి. ఆ చెల్లెమ్మ పోయినేడే మేడ కట్టుకుంది. స్లాబు పోసినప్పుడు కింద నిలబెట్టిన వందల కర్రలు చూసి పాపం గుర్తు రాలేదు, చర్చిలో ఒక్క కొమ్మని చూస్తే గుర్తొచ్చింది!

ఇక ప్లాస్టిక్ పుణ్యం చూద్దాం. ఆ ఆకులు ఎక్కువగా పీవీసీ, అంటే మన గొట్టాల ప్లాస్టిక్కే. చాలావరకు చైనాలో తయారై ఓడెక్కి వస్తాయి. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ కట్టిన లెక్క ఒకటుంది. రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వల్ల సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన భారం పడుతుంది. అంతే ఎత్తున్న అసలు చెట్టుని పండగయ్యాక కాల్చినా, ముక్కలు కొట్టి నేలకిచ్చినా దాదాపు 3.5 కిలోలు. చెత్తగుట్టలో పూడ్చి కుళ్ళబెడితే మాత్రం 16. అంటే ప్లాస్టిక్ చెట్టుని పదేళ్ళకి పైగా వాడితే తప్ప గిట్టుబాటు కాదు. అది వాళ్ళ దేశపు చెట్టు లెక్క, నిజమే. పక్క ఊరి తోట నుంచి రిక్షా మీద వచ్చే కొమ్మకి అంతకంటే ఎక్కువ పడుతుందని నేననుకోను.

పదేళ్ళు ఎవరింట్లో ఆగిందండీ? మోజుపడి నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఏడు ముచ్చటగా ఉంది. రెండో ఏడు అటక మీంచి దించితే ఆకుపచ్చ పొట్టు రాలింది. మూడో ఏడు కాలు విరిగితే చీరంచు చుట్టి నిలబెట్టాను. నాలుగో ఏడు ఎలుకలు కాపురం పెట్టాయి. చెత్తలో వేస్తే ఎవరో ఖాళీ స్థలంలో మిగతా చెత్తతో కలిపి అంటించారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు వస్తుంది. ఆ సాయంత్రం వీధి వీధంతా దగ్గింది. నా పర్యావరణ సేవ అది.

మీటింగయ్యాక మెట్ల దగ్గర ఇంకో వదిన నా చెవిలో అసలు మాట ఊదింది: "అదంతా సరేలే గానీ, ఊడ్చేదెవరు?"

ఇదీ నిజాయితీ అంటే! దీనికి నేను తలొంచుతాను. కొమ్మ తెచ్చి నిలబెట్టి ఫోటోలు దిగేది మగపిల్లలు. డిసెంబరు ఇరవై నుంచి కొత్త సంవత్సరం దాకా రాలిన పుల్లలు చాపల్లోంచి, ఫ్యాను కిందనుంచి ఏరేది మనం. గులాబీ పువ్వులు వండాలి, అరిసెలు వత్తాలి, కేరల్స్ వాళ్ళకి టీలు పెట్టాలి, మళ్ళీ చీపురూ మనమే పట్టాలి. ఆ విసుగుతో ప్లాస్టిక్ కొంటానంటే నేను మారు మాట్లాడను. కాకపోతే ఆ మాటే చెప్పండి. నడుం నొప్పికి పర్యావరణమని పేరు పెట్టకండి. అయినా ఊడవలేకపోతే చెట్టునే మార్చాలా, ఊడ్చే మనిషిని మార్చకూడదా? మా ఇంట్లో రెండేళ్ళుగా కొమ్మ కావాలన్నవాళ్ళే ఊడుస్తున్నారు. మా ఆయన మొదటిసారి చీపురు తిరగేసి పట్టుకున్నారు. ఇప్పుడు బానే వచ్చింది.

సరుగుడు దొరకని హైదరాబాదు ఫ్లాటువాళ్ళని నేనేమీ అనడం లేదు. ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టున్న వాళ్ళయితే దయచేసి పారేయకండి. కాలు విరిగితే నాలాగే చీరంచు కట్టి, పూర్తిగా రాలిపోయేదాకా వాడండి. కొమ్మ తెచ్చుకునేవాళ్ళు ఇసుక తడి ఆరనివ్వకండి, కొవ్వొత్తి దగ్గరికి రానివ్వకండి. ఎండిన సరుగుడు ఎంత త్వరగా అంటుకుంటుందో కట్టెలపొయ్యి మీద వండినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగుంది. ఈసారి కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. చర్చిలో ఊడవడానికి నలుగురు యవ్వనస్తుల పేర్లు కూడా రాశాను. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగోవాడు మావాడే, వాడికింకా చెప్పలేదు.