చెట్లకు పొగ అప్పగించి చేతులు దులుపుకోవద్దు



ఘట్‌కేసర్‌లో గాలి పాడవుతోందని ఎవరన్నా ఒకటే జవాబు వస్తుంది: మొక్కలు నాటుదాం. 2015లో మొక్కల పెంపకానికి హరితహారం కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఈ మాట మరీ బలపడింది. నారపల్లి అడవిలో నందనవనం పార్కు ఉంది, రోడ్ల వెంట పచ్చదనం పెరిగింది. సంతోషమే. కానీ చెట్లుంటే వరంగల్ హైవే పొగ సంగతి అవే చూసుకుంటాయనుకోవడం పొరపాటు.

చెట్లు ఆకుల నుంచి ఐసోప్రీన్, టెర్పీన్ల వంటి ఆవిర్లు వదులుతాయి. జామాయిల్ ఆకు నలిపితే వచ్చే ఘాటు అలాంటిదే. వాటికి డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు తోడైతే చిక్కొస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ ఓజోన్‌తో కలిసి నైట్రేట్ రాడికల్ అవుతుంది. పగలైతే ఎండ దాన్ని క్షణాల్లో విరగ్గొడుతుంది. రాత్రి అది నిలిచి టెర్పీన్లతో చర్య జరుపుతుంది. అలా పుట్టే ఆర్గానిక్ నైట్రేట్లలో బరువైనవి ఆవిరిగా ఉండలేక సన్నటి కణాలుగా పేరుకుంటాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరే పీఎం 2.5లో ఇవీ ఒక భాగం.

రోడ్డు అంచున తాజా పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఆ రాడికల్‌ను వెంటనే మింగేస్తుంది. కాబట్టి ఈ కణాలు హైవే మీదకంటే గాలివాటున కాస్త అవతల, చెట్లున్న చోట పుట్టే వీలు ఎక్కువ. పగలు హైదరాబాద్ నగరంలో భారీ లారీలకు ఆంక్షలుండటంతో అవి ఈ హైవే మీదుగా ఉప్పల్ వైపు కదిలేది ఎక్కువగా రాత్రే. చలికాలంలో పొగ పైకి లేవక నేలబారుగా నిలిచేదీ రాత్రే.

2013 వేసవిలో అమెరికాలోని అలబామా అడవుల్లో శాస్త్రవేత్తలు పెద్దఎత్తున కొలతలు తీశారు. రాత్రిపూట ఏర్పడే సేంద్రియ కణాల్లో గణనీయమైన భాగం చెట్ల ఆవిర్లకు మనుషుల నైట్రోజన్ ఆక్సైడ్లు తగలడం వల్ల వచ్చిందేనని తేలింది.

అలాగని నేరం చెట్ల మీదకు నెట్టకూడదు. 1980లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతూ రీగన్ ఆ పనే చేశారు, కాలుష్యంలో ఎక్కువ పాలు చెట్లదేనన్నారు. చెట్టు ఆవిరిని మనం ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. నీడ కోసమైనా ఆ చెట్లు మనకు కావాలి. మన చేతిలో ఉన్నది ముఖ్యంగా పొగే. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 ఉద్గార ప్రమాణాల లారీల్లో యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ఏర్పాటుంటుంది. చాలా పాత లారీల్లో అది లేదు. కొత్తవాటిలోనూ ఆ ద్రావణం పోస్తున్నారో లేదో తనిఖీ చేయాలి. రోడ్ల పక్కన నాటే జాతుల ఎంపికలో కూడా ఆవిర్లు తక్కువ వదిలేవాటికి చోటివ్వాలి.

నాచారంలో గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రం ఉంది. పీఎం 2.5 ఎంతుందో అది చెబుతుంది. ఆ కణాలు దేనితో తయారయ్యాయో చెప్పదు. అది తెలియకుండా మొక్కల లెక్కలు చూపించి గాలి బాగుపడిందనడం నాకు సమ్మతం కాదు.

తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది. రసాయన శాస్త్రంలో దేశంలోనే పేరున్న సంస్థ, మన దగ్గర్లోనే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి దాని సాయం తీసుకుని వచ్చే చలికాలంలో నారపల్లి అడవి అంచున రాత్రివేళ నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, కణాల్లోని ఆర్గానిక్ నైట్రేట్లు కొలిపించాలి. ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఘట్‌కేసర్