అప్పు చేసి కట్టిన రోడ్డు

పిల్లలూ! మేడ్చల్ నుంచి నగరానికి పోయేటప్పుడు కండ్లకోయ వద్ద బస్సు కిటికీలోంచి చూడండి. అక్కడ మీకు తగిలే పెద్ద రోడ్డు 158 కిలోమీటర్ల పొడవున హైదరాబాదు చుట్టూ తిరిగి, శామీర్‌పేట మీదుగా మళ్ళీ బయలుదేరిన చోటికే వస్తుంది. కండ్లకోయ వద్ద ఆగిపోయిన చిట్టచివరి ముక్క 2018లో గాని పూర్తికాలేదు.

మన ఉత్తరపు వైపు భాగానికి జపాను దేశపు జైకా సంస్థ అప్పు ఇచ్చింది. ఒప్పందం 2008 నాటిది.

అప్పు అనగానే మీ నాయనమ్మ మొగం చిట్లిస్తుంది. ఆమె మాట కొట్టివేయరాదు. కాని పెళ్ళి విందుకు చేసిన అప్పు వేరు, బావి త్రవ్వడానికి చేసిన అప్పు వేరు. నీళ్ళు పడితే పంటే వడ్డీ కడుతుంది. పడకపోతే పొలం తాకట్టు! దేశాల సంగతీ ఇంతే. ఏటా 100 రూపాయలు వచ్చే ఇంటికి 60 రూపాయల అప్పు ఉన్నదనుకోండి. వడ్డీ మాత్రం కడుతూ వచ్చారు. ఆదాయం 200 అయింది. అసలు పైసా తీరలేదు, అయినా భారం నూటికి 60 నుంచి 30కి దిగింది.

మనకు అప్పిచ్చిన జపానూ ఒకప్పుడు అప్పు చేసినదే. టోక్యో-ఒసాకా రైలుమార్గం కోసం 1961లో ప్రపంచ బ్యాంకు వద్ద 8 కోట్ల డాలర్లు తీసుకొన్నది. 1964లో రైలు నడిచింది, 1981కి ఆ బాకీ తీరింది. చిత్రమేమంటే, నేడు జపాను ప్రభుత్వపు అప్పు ఆ దేశపు ఏడాది రాబడికి రెండింతలు మించింది. అక్కడ పెరుగుదలా మందగించింది. అప్పు వల్ల మందగించిందా, మందగించినందువల్ల అప్పు పెరిగిందా? పండితులు నేటికీ వాదులాడుతున్నారు.

2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆచార్యులు, అప్పు రాబడిలో నూటికి 90 దాటితే పెరుగుదల దెబ్బతింటుందని వ్రాశారు. మంత్రులు సైతం ఆ మాట పట్టుకొన్నారు. 2013లో అమెరికాలో హెర్న్‌డన్ అనే విద్యార్థి, తరగతిలో ఇచ్చిన అభ్యాసం కోసం ఆ లెక్క మళ్ళీ చేశాడు. ఎంతకూ సరిపోలేదు! అసలు పట్టిక తెప్పించి చూస్తే, సగటు తీసేటప్పుడు ఐదు దేశాల వరుసలు వదిలివేశారు. (నా తరగతిలో అయితే నిలబెట్టేవాణ్ణి.) ఆచార్యులు ఆ తప్పు ఒప్పుకొన్నారు. అయినా అప్పు మరీ పెరిగిన చోట పెరుగుదల తగ్గుతుందనే మాట మాత్రం వదల్లేదు. 90 అనే గీతకు మునుపటి గౌరవం లేదు.

ఇక మన రోడ్డు. 2023లో దీని మీద టోలు వసూలుచేసే హక్కును 30 ఏళ్ళకుగాను ఒక కంపెనీకి ఇచ్చి, ప్రభుత్వం 7,380 కోట్ల రూపాయలు ఒక్కసారే పుచ్చుకొన్నది. అంటే 2053 దాకా రావలసిన టోలు ముందే చేతికి వచ్చినట్లు. ఆ ఏటికి మీకెన్నేళ్ళు వస్తాయో కూడి చూడండి. ఆ సొమ్ము బావికి పోయిందా, విందుకు పోయిందా అని మీ నాన్నగారిని అడగండి.