అరిగిన వేళ్లు, చెరగని ముద్రలు
1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన నాందేడ్‌కు, అక్కడి సిక్కు పుణ్యక్షేత్రం తఖ్త్ హజూర్ సాహిబ్ దర్శనానికి ఈ-వీసాపై వచ్చే విదేశీ యాత్రికుడు ముంబయిలోనో శంషాబాద్‌లోనో విమానం దిగగానే వేలిముద్రలూ ముఖచిత్రమూ ఇవ్వవలసి ఉంటుంది. శరీర లక్షణాలతో మనిషిని పోల్చుకునే ఈ పద్ధతినే బయోమెట్రిక్ నమోదు అంటారు. జీవితమంతా సేద్యం చేసి గీతలరిగిన వృద్ధుడి వేళ్లను అద్దపు పలక పోల్చుకోలేక, తుడుచుకుని మళ్లీ నొక్కమనిపించడం యంత్రం లోపమే తప్ప మనిషి నేరం కాదు. పైగా ఆ ముద్ర మనిషెవరో చెబుతుందే గాని ఎక్కడున్నాడో చెప్పదు. ఆ సంగతి తెలిపేది, నాందేడ్‌లో బస ఇచ్చినవారు 24 గంటల్లో దాఖలు చేయవలసిన పాతకాలపు వివరణ పత్రమే. వీసా గడువు మీరినవారిని పట్టుకోవాలంటే రాకను పోకతో సరిపోల్చాలి. ఐరోపా దేశాలు 2025 అక్టోబరు 12న మొదలుపెట్టిన ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థ, పాస్‌పోర్టుపై ముద్ర వేసే అలవాటును క్రమంగా తొలగిస్తూ, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదన్న లెక్కను తానే కడుతుంది. అంతటి పకడ్బందీ ఇక్కడా అవసరమే, కానీ యాత్రికుడు తిరిగి వెళ్లిపోయాక అతని ముద్రలను ఎన్నేళ్లు దాచుకోవచ్చో చట్టమే స్పష్టంగా నిర్దేశించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే తలుపును బార్లా తెరిచే ఉంచింది.